పుట్టుకే ప్రవేశపత్రం

కడప జిల్లా చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కుటుంబం ‘కీచకవధ’ ఆడింది. అలా పుట్టి ఆ ఊరి పేరే పెట్టుకున్న సురభికి 2025 నాటికి 140 ఏళ్లు. సురభిని అందరం నాటక సమాజమనే రాస్తాం. నాకు మాత్రం అది మొదట ఒక బడి. గోడలూ గంటా లేకపోయినా చంటిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ అందులో పాఠం ఉండేది, పనీ ఉండేది.

నాటకానికి ముందు ఆ ఆరె మరాఠీ కుటుంబాల జీవనాధారం తోలుబొమ్మలాట. తోలు పదును పెట్టడం, బొమ్మ కోయడం, రంగు అద్దడం, తెర వెనక దీపం చూసుకోవడం, పద్యం ఎత్తుకోవడం అన్నీ ఇంటి పనులే. బొమ్మ స్థానంలోకి మనిషి వచ్చినా ఆ అలవాటు పోలేదు. అందుకే నటుడు ఒకరు, తెరలు రాసేవాడు ఒకరు, దుస్తులు కుట్టేవాడు ఇంకొకరు అన్న హద్దులు సురభిలో గట్టిపడలేదు. నెలల బిడ్డ బాలకృష్ణుడయ్యేవాడు. మాటలు స్పష్టంగా పలికే వయసుకు లవుడో కుశుడో. గొంతు మారే ఈడులో వేషం దక్కకపోతే తెర తాళ్లు లాగే పని ఉండనే ఉంది. వయసు మీరినవాళ్లు హార్మోనియం ముందు కూర్చునేవాళ్లు, లేదా పక్కతెర చాటున ప్రాంప్టింగ్ చెప్పేవాళ్లు. పద్యం పలకనివాడి చేతికి కుంచె వచ్చేది.

అసలు చదువు మాత్రం తెర వెనకే. ‘మాయాబజార్’లో లడ్లు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. యుద్ధం వచ్చిందంటే రెండు వైపుల బాణాలూ గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. నారదుడు మేఘాల్లోంచి దిగుతాడు. నల్లని తెర ముందు సన్నని తీగ ప్రేక్షకుడి కంటికి ఆనదు, వెలుగు ఎక్కడ పడాలో ఎక్కడ పడకూడదో తెలిసి ఉంటేనే. తీగ పట్టినవాడు ఒక్క తాళం ఆలస్యం చేస్తే బాణాలు దారి తప్పుతాయి, డేరా అంతా గొల్లుమంటుంది. ఏ పుస్తకంలోనూ లేని ఈ లెక్క తండ్రి పక్కన నిలబడి చూసినవాడికే పట్టుబడేది. కంప్యూటర్ గ్రాఫిక్స్ చూసి పెరిగిన పిల్లలు కూడా ఇప్పటికీ ఈ బాణాలకు చప్పట్లు కొడతారు. నాకైతే అందులో వింతేమీ కనిపించదు.

ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో సురభి తన ఆడపడుచుల్ని రంగస్థలం ఎక్కించింది. అలా తయారైన సురభి కమలాబాయి 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయింది. సినిమా తనకు నటీమణి కావాలనుకున్న నాటికి ఇక్కడ శిక్షణ పూర్తయి ఉంది.

పొగడ్త ఇంతవరకే. ఈ బడిలో వయసు అడగలేదు, ప్రతిభ కొలవలేదు, కానీ ఇంటిపేరు చూశారు. వనారస, రేకందార్, ఆవేటి, సింధే వంటి కుటుంబాల మధ్యే పెళ్లిళ్లు, ఆ పెళ్లిళ్లతోనే కొత్త సమాజాలు. విద్య చెదరకుండా నిలిచిందంటే ఆ కట్టుబాటు వల్లే. బయటి పిల్లవాడికి మాత్రం అది టికెట్టు కొని ఎదురుగా కూర్చుని చూసే విద్యగానే మిగిలింది. లోపలి పిల్లలదీ వేరే నష్టం. డేరా ఊరు మారినప్పుడల్లా వాళ్ల అక్షరాల చదువు ఆగేది. సినిమా జనాన్ని లాక్కున్నాక ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సమాజాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని అయ్యాయి.

బయటివాళ్లు గురువులుగా రావడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. కన్నడ రంగస్థల దిగ్గజం బి.వి.కారంత్ 1996లో సురభి వాళ్లతో ‘భీష్మ’ చేయించారు, తర్వాత ‘చండీప్రియ’, 1998లో బ్రెష్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’. రాజులూ రాక్షసులూ తిరిగిన వేదిక మీదికి బస్తీ మనిషి నడిచి వచ్చింది. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని చాలాకాలం నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు, అందరూ బాబ్జీ అని పిలిచే ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు.

సురభి వాళ్లు ఎక్కువగా స్థిరపడింది హైదరాబాదు శివారు శేరిలింగంపల్లిలో. కడపకేమో 2020లో ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం వచ్చింది. తీగ కట్టడం, తెర రాయడం తెలిసిన సురభి పెద్దల్ని ఏడాదికి కొన్ని నెలలు ఆ విశ్వవిద్యాలయానికి పిలిచి, డిగ్రీతోనూ వయసుతోనూ పనిలేకుండా సాయంత్రం తరగతులు పెట్టించవచ్చు. దరఖాస్తులో ఇంటిపేరు గడి ఒక్కటి తీసేయాలి.