చక్రం బిగుసుకోకుండా

తడి రన్‌వే మీద బ్రేకు పట్టి చక్రాలు బిగుసుకుంటే విమానం జారిపోయేది, టైర్లు పేలేవి. 1950లలో బ్రిటన్‌లో డన్‌లప్ సంస్థ దీనికి ‘మాక్సరెట్’ అనే విరుగుడు తెచ్చింది. 1966లో అది జెన్సెన్ ఎఫ్ఎఫ్ కారెక్కింది.

అసలు మలుపు మాత్రం జర్మనీది. 1978లో బాష్ సంస్థ డిజిటల్ ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది. అందులో మాడ్యులేటరే కీలకం: దాని వాల్వులు సెకనులో పలుమార్లు బ్రేకు ఆయిల్ ఒత్తిడిని తగ్గించి, మళ్లీ పెంచుతాయి.

తర్వాత ఈ వాల్వులను నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్‌ను మాడ్యులేటర్‌కే బిగించారు. 1990ల కార్లలో కొన్నింటికి ఇదే చేటయింది. వేడికి, అదురుకు యూనిట్ లోపలి టంకం అతుకులు చిట్లి హెచ్చరిక దీపం వెలిగేది. దీపం వెలగగానే, చక్రాల వేగం కొలిచే వీల్ సెన్సర్లు, వైర్లు చూడకుండా మాడ్యులేటర్ మొత్తం మార్చడం దండగ. చాలాసార్లు అతుకు వేస్తే సరిపోయేది! మార్చక తప్పకపోతే, బ్రేకు పైపుల్లో గాలి పూర్తిగా తీయాల్సిందే.