పానిక్యులెక్టమీ

భారీగా బరువు తగ్గినవారిలో, ముఖ్యంగా బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో, బిగువు కోల్పోయిన చర్మం మిగులు కొవ్వుతో కలిసి పొత్తికడుపు మీదుగా మడతగా వేలాడుతుంది; ఆ మడతను పానస్ అని, దానిని కోసి తొలగించడాన్ని పానిక్యులెక్టమీ అని అంటారు. మడత కింద చెమట నిలిచి, చర్మం ఒరుసుకొని ఎర్రబారి, శిలీంధ్రం చేరి దుర్వాసనతో పుండ్లు పడతాయి. ఇంటర్‌ట్రైగో అనే ఈ బాధ నడకను, ఒంటి శుభ్రతను సైతం కష్టం చేస్తుంది కనుక, చికిత్స కోరడాన్ని అందం కోసం పడే తాపత్రయంగా కొట్టిపారేయడం అన్యాయం. అబ్డామినోప్లాస్టీ దీనికి భిన్నమైనది: అందులో చర్మం తీసివేయడంతోపాటు ఎడమైన ఉదర కండరాలను దగ్గరికి కుట్టి, బొడ్డును తిరిగి అమరుస్తారు. గాయం విచ్చుకోవడం, లోపల ద్రవం చేరడం రెండింటిలోనూ ఉన్న ముప్పులే. పొగతాగేవారికి అవి మరీ ఎక్కువ.

బీమా ఈ భేదం మీదనే ఆధారపడుతుంది. అమెరికాలో చాలా కంపెనీలు అబ్డామినోప్లాస్టీని సౌందర్య చికిత్సగా తిరస్కరిస్తూ, మడత జఘనాస్థి కిందికి దిగినట్టు ఫొటోలు, నెలల తరబడి మందులు వాడినా పుండ్లు మానలేదన్న వైద్య రికార్డులు, సాధారణంగా 6 నెలలపాటు నిలకడగా ఉన్న బరువు చూపితే పానిక్యులెక్టమీకి చెల్లిస్తాయి. భారతదేశంలో బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణీకరించిన మినహాయింపుల ప్రకారం ప్లాస్టిక్ సర్జరీకి పరిహారం లేకపోయినా, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాతి పునర్నిర్మాణానికీ, ప్రత్యక్షమైన, తక్షణ ఆరోగ్య ముప్పును తొలగించేందుకు అవసరమని చికిత్స చేస్తున్న వైద్యుడు ధ్రువీకరించిన సందర్భానికీ సడలింపు ఉంది. అందువల్ల శస్త్రచికిత్సకు ముందే చర్మవైద్యుని చీటీలను, ఫొటోలను భద్రపరచి ముందస్తు అనుమతి కోరడం అవసరం.