కియోస్క్ విధానము (వెబ్ బ్రౌజరు)

కియోస్క్ విధానము అనగా కంప్యూటరు తెరనంతటిని ఒకే వెబ్ బ్రౌజరు ఆక్రమించునట్లు, అందులో సంస్థ నిర్ణయించిన పుటలు తప్ప మరేమియు వాడుకరికి అందుబాటులో లేనట్లు చేయు అమరిక. చిరునామా పట్టీ, మెనూలు, టాస్క్‌బారు, డెస్క్‌టాపు ఏవియు కనిపించవు. గ్రంథాలయములలో పుస్తక సూచికలు చూచుటకును, ఆసుపత్రులలో రోగుల నమోదుకును, కార్యాలయములలో సందర్శకుల వివరములు తీసుకొనుటకును, దుకాణములలో సరకుల ధరలు చూపుటకును, కర్మాగారములలో కార్మికులు హాజరు నమోదు చేసుకొనుటకును ఇట్టి కంప్యూటరులను వాడుదురు.

బ్రౌజరు ఇచ్చు కియోస్క్ విధానము తెరను కప్పునే గాని కంప్యూటరునకు తాళము వేయదు. తాళము వేయుట ఆపరేటింగ్ సిస్టమ్ పని. ఒక వాడుకరి వదలి వెళ్ళిన వివరములు తరువాతి వాడుకరి కంట పడకుండ చూచుట సంస్థ పని. ఈ మూడును కలిసినపుడే కియోస్కు సురక్షితమగును.

పదము

కియోస్క్ అను పదమునకు మూలము పారశీక భాషలోని కూష్క్ అను పదము. అది తుర్కీ భాషలో తోటలయందలి మండపమునకు పేరుగా నిలిచి, ఫ్రెంచి మీదుగా ఆంగ్లమునకు చేరినది. ఐరోపాలో వార్తాపత్రికలు అమ్ము చిన్న గుమటీలకు ఆ పేరు వచ్చినది. తదుపరి, జనము తామే వచ్చి వాడుకొను యంత్రములకు కూడ అదే పేరు స్థిరపడినది.

పూర్తి తెరకును కియోస్క్ విధానమునకును భేదము

సాధారణ బ్రౌజరులో ఎఫ్11 మీట నొక్కిన పుట తెరనిండుగా కనిపించును. మరల అదే మీట నొక్కిన పూర్వస్థితి వచ్చును. ఇది చదువరి సౌకర్యమునకు ఏర్పడినదే గాని నియంత్రణ కొరకు కాదు. కియోస్క్ విధానములో ఎఫ్11 మీటతో బయటకు వచ్చుటకు వీలులేదు. అయినను విండోస్‌లో ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కిన కియోస్క్ విధానములోని బ్రౌజరు సైతము మూసుకొనును. ఆ వెనుక ఉన్న డెస్క్‌టాపు వాడుకరి చేతికి వచ్చును. కావున కీ బోర్డు అమర్చిన చోట బ్రౌజరు కియోస్క్ విధానమును మాత్రమే నమ్ముకొనరాదు.

చరిత్ర

మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును «-కె» అను గుర్తుతో ప్రారంభించిన అది కియోస్క్ విధానములో తెరుచుకొనెడిది. చాలకాలము కార్యాలయములలో ఇదియే ప్రధాన మార్గము. 2022 జూన్ 15న విండోస్ 10లో ఆ బ్రౌజరునకు మద్దతు ముగిసినది. ఫైర్‌ఫాక్సులో మొదట పొడిగింతల సహాయముతో మాత్రమే ఈ పని జరిగెడిది. 2017 నవంబరులో వచ్చిన 57వ కూర్పుతో పాతరకము పొడిగింతలు పనిచేయుట మానినవి. 2019 డిసెంబరులో వెలువడిన 71వ కూర్పులో కియోస్క్ విధానము బ్రౌజరులోనే చేర్చబడినది. క్రోమియం ఆధారముగా రూపొందిన ఎడ్జ్ బ్రౌజరులో 2020 నవంబరు నాటి 87వ కూర్పు నుండి ఈ సదుపాయము కలదు.

ముందుగా నిర్ణయించుకొనవలసినవి

* కంప్యూటరు కేవలము చూపుటకా, వాడుకరి తాకి పనిచేయుటకా, లేక స్వేచ్ఛగా వెబ్ సైటులు చూచుటకా అనునది మొదట తేల్చుకొనవలెను. ఈ మూడింటికి అమరికలు వేరు.
* ఏయే చిరునామాలు తెరువవలెనో జాబితా వ్రాసుకొనవలెను. చెల్లింపు జరుగు పుట బ్యాంకు చిరునామాకు మరలునట్లయిన ఆ చిరునామా కూడ జాబితాలో ఉండవలెను. లేనిచో వాడుకరి పని సగములో నిలిచిపోవును.
* అచ్చు తీయవలెనా, దస్త్రములు దించుకొనవలెనా అనునది నిర్ణయించవలెను. అవసరములేని ప్రతి సదుపాయమును మూసివేయుట మేలు.
* కీ బోర్డు తప్పనిసరియా అని ఆలోచించవలెను. తాకుతెర చాలిన చోట కీ బోర్డును తొలగించుటతోనే అనేక చిక్కులు తీరును.

బ్రౌజరులలో అమరిక

క్రింది ఆదేశములు ఇచట తెలుగు లిపిలో చూపబడినవి. కంప్యూటరునకు ఇచ్చునపుడు వీటిని ఆంగ్లములో చిన్న అక్షరములతో, గీతలతో సహా, మధ్య ఖాళీలు లేకుండ వ్రాయవలెను. విండోస్‌లో బ్రౌజరు షార్ట్‌కట్టుపై మౌసు కుడిమీట నొక్కి, ప్రాపర్టీస్ తెరిచి, టార్గెట్ అను గడిలో ఉన్న మార్గము చివర, అనగా కొటేషన్ గుర్తు ముగిసిన పిమ్మట, ఒక ఖాళీ విడిచి ఆదేశమును చేర్చవలెను.

గూగుల్ క్రోమ్: «--కియోస్క్» అని వ్రాసి, ఒక ఖాళీ విడిచి, తెరువవలసిన చిరునామా ఇవ్వవలెను. క్రోమ్ అప్పటికే నడుచుచున్నయెడల కొత్త ఆదేశము పాత ప్రక్రియకే చేరి, కియోస్క్ విధానము అమలు కాదు. అమరిక ఫలించలేదని పలువురు భావించుటకు ఇది ఒక సామాన్య కారణము. బ్రౌజరు విండోలన్నియు మూసి, నేపథ్యములో నడుచునది కూడ ఆపి ప్రయత్నించవలెను. లేదా «--యూజర్-డేటా-డిర్=» అను ఆదేశముతో కియోస్కునకు ప్రత్యేక సంచయమును చూపవలెను. «--కియోస్క్-ప్రింటింగ్» చేర్చినచో అచ్చు పెట్టె కనిపించకుండ కాగితము నేరుగా ప్రధాన ప్రింటరునకు పోవును.

మైక్రోసాఫ్ట్ ఎడ్జ్: «--కియోస్క్», చిరునామా, ఆపై «--ఎడ్జ్-కియోస్క్-టైప్=» అని వ్రాసి రెండు రకములలో ఒకటి ఎంచుకొనవలెను. «ఫుల్‌స్క్రీన్» రకములో పుట ఒక్కటే తెరనిండ కనిపించును. «పబ్లిక్-బ్రౌజింగ్» రకములో పరిమితమైన పట్టీలతో బ్రౌజరు కనిపించును, సెషను ముగించు బొత్తము కూడ ఉండును. రెండును ప్రైవేటు విధానములోనే నడుచును. వాడుకరి కదలిక లేనపుడు సెషను తనంతట ముగియు వ్యవధి పబ్లిక్ రకములో 5 నిమిషములు. ఫుల్‌స్క్రీన్ రకములో ఈ గడువు మొదట ఆపివేయబడి ఉండును. «--కియోస్క్-ఐడిల్-టైమవుట్-మినిట్స్=» అను ఆదేశముతో దీనిని మార్చుకొనవచ్చును.

మొజిల్లా ఫైర్‌ఫాక్స్: «--కియోస్క్» అని, పిమ్మట చిరునామా వ్రాసిన చాలును. ప్రత్యేక ప్రొఫైలు ఏర్పరచుకొనుట మంచిది.

ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలో అమరిక

విండోస్‌లో అసైన్డ్ యాక్సెస్ అను సదుపాయము 8.1 కూర్పుతో 2013లో ప్రవేశపెట్టబడినది. ఇది ఒక ఖాతాను ఒకే అనువర్తనమునకు పరిమితము చేయును. విండోస్ 11లో సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్ వరుసగా తెరిచిన కియోస్కు అమర్చుటకు దారి కనిపించును. ఖాతాకు ఒక పేరు ఇచ్చి, ఎడ్జ్ బ్రౌజరును ఎంచుకొని, రకమును, చిరునామాను, విరామ వ్యవధిని తెలుపవలెను. ఆ ఖాతాలో డెస్క్‌టాపు అసలే తెరుచుకొనదు. నిర్వాహకుడు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కి వెలుపలికి వచ్చి, తన సంకేతపదముతో ప్రవేశించవచ్చును. హోమ్ కూర్పులో ఈ సదుపాయము లేదు. దూరమునుండి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ప్రవేశించినపుడు ఈ విధానము పనిచేయదు. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినందున, కొత్తగా అమర్చువారు తదుపరి కూర్పును ఎంచుకొనుట ఉచితము.

లినక్స్‌లో కియోస్కు ఖాతాకు డెస్క్‌టాపు వాతావరణమే లేకుండ చేయవచ్చును. కంప్యూటరు ఆన్ కాగానే ఆ ఖాతాలోనికి తనంతట ప్రవేశించి, ఒక చిన్న విండో నిర్వాహకమును, బ్రౌజరును మాత్రమే ప్రారంభించునట్లు అమర్చుదురు. వేలాండ్ పద్ధతిలో కేజ్ అను సాధనము ఒకే అనువర్తనమును తెరనిండ నడుపుటకే నిర్మింపబడినది. బ్రౌజరు ఏ కారణముననైన మూసుకొన్న మరల ప్రారంభమగునట్లు చేయవలెను. కంట్రోల్, ఆల్ట్‌లతో ఎఫ్2 వంటి మీటలు నొక్కిన ఇతర కన్సోలులు తెరుచుకొనకుండ కూడ చూడవలెను.

ఐప్యాడ్‌లో 2012లో ఐఓఎస్ 6తో వచ్చిన గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో 2014లో 5.0 కూర్పుతో వచ్చిన స్క్రీన్ పిన్నింగ్ ఇట్టి ప్రయోజనమునకే ఉపకరించును.

చిరునామాల నియంత్రణ

చిరునామా పట్టీ కనిపించకున్నను, పుటలోని ఒక లంకె మరియొక లంకెకు, అది వేరొక సైటుకు దారి తీయవచ్చును. సైటు అడుగున ఉండు సామాజిక మాధ్యమముల గుర్తులు, పటముల లంకెలు ఇట్టివే. క్రోమ్, ఎడ్జ్ బ్రౌజరులలో యూఆర్ఎల్ బ్లాక్‌లిస్ట్ అను విధాన నియమమున నక్షత్రపు గుర్తు ఉంచి అన్నిటిని నిషేధించి, యూఆర్ఎల్ అలౌలిస్ట్‌లో అవసరమైనవి మాత్రము చేర్చవలెను. ఫైర్‌ఫాక్సులో 2018 మే నాటి 60వ కూర్పు నుండి విధాన నియమములను ఒక దస్త్రములో వ్రాయు పద్ధతి కలదు. అందు వెబ్‌సైట్ ఫిల్టర్ అను నియమము ఇదే పని చేయును. డెవలపర్ సాధనములు, సంకేతపదములను గుర్తుంచుకొనుట, చిరునామాలను తనంతట పూరించుట కూడ ఈ నియమముల ద్వారానే ఆపవలెను.

తప్పించుకొను మార్గములు

* మీటల కలయికలు: ఆల్ట్‌తో ట్యాబ్, ఆల్ట్‌తో ఎఫ్4, విండోస్ మీట.
* షిఫ్ట్ మీటను వరుసగా అయిదుసార్లు నొక్కుట: విండోస్‌లో స్టికీ కీస్ పెట్టె తెరుచుకొనును. అందలి లంకె సెట్టింగులకు దారి చూపును. రెండు మీటలు కలిపి నొక్కవలసిన పని లేని కియోస్కులో ఈ సత్వరమార్గమును తీసివేసిన ఎవ్వరికిని ఇబ్బంది లేదు.
* అచ్చు, దస్త్రము తెరుచుట, దాచుట: ఈ పెట్టెలలో కంప్యూటరు సంచయములు కనిపించును. వాటినుండి ఇతర కార్యక్రమములను ప్రారంభించుట అసాధ్యము కాదు.
* ఈమెయిలు, ఫోను లంకెలు: ఇవి బ్రౌజరు వెలుపలి అనువర్తనములను పిలుచును.
* తాకుతెర అంచునుండి వేలితో లాగుట: విండోస్‌లో ప్రకటనల పలక తెరుచుకొనవచ్చును.
* యూఎస్‌బీ రంధ్రములు, విద్యుత్ మీట: పెన్ డ్రైవుతో వేరొక ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రారంభించు వీలుండును. బయోస్‌నకు సంకేతపదము పెట్టి, యంత్రమును తాళము గల పెట్టెలో ఉంచవలెను.

వీటిలో ఏ ఒక్క మార్గము తెరిచియున్నను నష్టము ఆ కంప్యూటరుతో ఆగదు. అది సంస్థ లెక్కలు, జీతముల వివరములు ఉన్న నెట్‌వర్కులోనే ఉన్నచో అపరిచితునికి లోపలి గదుల దారి చూపినట్లగును. అందువలన కియోస్కును వేరు నెట్‌వర్కులో ఉంచి, దాని ఖాతాకు నిర్వాహక అధికారములు ఇవ్వకుండుట ప్రాథమిక నియమము.

వాడుకరి గోప్యత

ప్రైవేటు విధానములో తెరిచిన బ్రౌజరు ఏమియు గుర్తుంచుకొనదను నమ్మకము కలదు. ఇది సగమే నిజము. ఆ విధానమున తెరిచిన విండోలన్నియు మూసిన పిమ్మటనే కుకీలు, ప్రవేశ వివరములు తొలగును. కియోస్కులో విండో ఉదయమునుండి రాత్రి వరకు మూయబడదు. ఉదయము పది గంటలకు ఒక రోగి తన పరీక్షల ఫలితములు చూచి, ఖాతానుండి నిష్క్రమించక లేచి వెళ్ళినచో, వరుసలో తరువాత నిలిచినవారికి ఆ ఫలితములే కనిపించును. ఇందులో మొదటివారి తప్పు లేదు. నిష్క్రమించవలెనని అందరికిని తెలియదు, తెలిసినను తొందరలో మరతురు.

దీనికి మూడు ఉపాయములు కలవు. కదలిక లేని కొద్ది నిమిషములకు సెషను తనంతట ముగిసి బ్రౌజరు కొత్తగా ప్రారంభము కావలెను. వెబ్ సైటు కూడ తన వంతుగా సర్వరు వైపున ప్రవేశ గడువును తక్కువగా ఉంచవలెను. ప్రతి పుటలోను «ముగించితిని» వంటి స్పష్టమైన బొత్తము పెద్ద అక్షరములలో ఉండవలెను. దించుకొన్న దస్త్రములు, ప్రింటరు వరుసలో నిలిచిన కాగితములు ప్రతి సెషను చివర తొలగించుట మరువరాదు.

తెలుగు వాడుకరులకు

టాస్క్‌బారు దాగియుండుటచే ప్రస్తుతము ఏ భాష కీ బోర్డు అమలులో ఉన్నదో వాడుకరికి తెలియదు. ఒకరు తెలుగుకు మార్చి వెళ్ళిన, తరువాతివారు ఆంగ్ల సంకేతపదము వ్రాయబోయి చిక్కుకొందురు. కావున సైటులోనే తెరపై తెలుగు అక్షరములు చూపు పలకను ఏర్పరచుట మేలు. అక్షరరూపముల విషయమున విండోస్ ఎక్స్‌పీలో గౌతమి, విండోస్ 7లో వాణి వచ్చినవి. విండోస్ 8 నుండి నిర్మలా యూఐ తెలుగునకు ఉపకరించుచున్నది. లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు వంటి అక్షరరూపమును స్థాపింపనిచో అక్షరములకు బదులు గడులు కనిపించు ప్రమాదము కలదు. మీటలతో అక్షరములను పెద్దవి చేయు వీలు కియోస్కులో ఉండకపోవచ్చును గనుక, వృద్ధుల కొరకు పుటయే ఆ సదుపాయము ఇవ్వవలెను.

నిర్వహణ

విద్యుత్తు పోయి వచ్చినపుడు మనిషి అవసరము లేకుండ యంత్రము తానే ప్రారంభమగునట్లు బయోస్‌లో అమర్చవచ్చును. అకస్మాత్తుగా ఆగిన క్రోమ్ మరల తెరుచుకొనునపుడు పాత పుటలు తెరువవలెనా అని అడుగును. «--ఇన్‌కాగ్నిటో» ఆదేశము చేర్చిన ఈ చిక్కు తప్పును. మదర్‌బోర్డుపై బ్యాటరీ క్షీణించి తేదీ వెనుకకు పోయినచో సురక్షిత సైటులు ధ్రువపత్రము చెల్లదని తెరుచుకొనవు. సైటు పాడైనదని తలచుటకు ముందు గడియారమును చూడవలెను. తెర నిద్రావస్థకు పోకుండ అమర్చి, నవీకరణలను పనివేళల తరువాతకు మార్చి, దినమునకు ఒకసారి యంత్రమును పునఃప్రారంభించుట మంచి అలవాటు.

అమరిక పూర్తియైన పిమ్మట, దానిని అమర్చినవారు గాక వేరొకరు పరీక్షించవలెను. అరగంట సేపు కియోస్కునుండి బయటపడుటకు ప్రయత్నించుమని వారిని కోరి, వారు కనుగొన్న ప్రతి దారిని మూసి, ఆ తరువాతనే ప్రజల ఎదుట ఉంచవలెను. బ్రౌజరు పెద్ద కూర్పు మారినపుడెల్ల ఈ పరీక్షను మరల జరుపవలెను.