సెకనులో నూరో వంతు: ఒక రోయింగ్ జోడీ రికార్డును ఎలా చదవాలి?

బ్రిటన్ రోయర్ ఇమోజెన్ గ్రాంట్ గురించి తరచూ వినిపించే కథ ఒకటే. టోక్యో ఒలింపిక్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో పతకం చేజారింది, ఆ కసితో మూడేళ్లు చెమటోడ్చి పారిస్‌లో స్వర్ణం గెలిచింది. కథ రక్తి కట్టింది గానీ, ఫలితాల పట్టిక దాన్ని సగమే బలపరుస్తోంది.

టోక్యోలో 2021 జులై 29న జరిగిన మహిళల లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్ (బరువు పరిమితి ఉన్న ఇద్దరి పడవ) ఫైనల్లో ఇటలీ 6 నిమిషాల 47.54 సెకన్లలో గీత దాటింది. ఫ్రాన్స్ 6:47.68, నెదర్లాండ్స్ 6:48.03. గ్రాంట్, ఆమె జోడీ ఎమిలీ క్రెయిగ్‌ల పడవ 6:48.04. దూరం 2,000 మీటర్లు కాబట్టి సగటు వేగం సెకనుకు 4.9 మీటర్లు. ఆ లెక్కన కాంస్యానికీ నాలుగో స్థానానికీ ఎడం సుమారు 5 సెంటీమీటర్లు. మొదటి స్థానానికీ నాలుగో స్థానానికీ నడుమ కూడా రెండున్నర మీటర్లే. పడవ పొడవే దాదాపు 10 మీటర్లు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పడవ ఒకే వేగంతో సాగదు. తెడ్లు నీళ్లలోంచి లేచి, ఇద్దరూ సీట్ల మీద జారుతూ తర్వాతి పట్టుకు సిద్ధమయ్యేటప్పుడు అది వేగం అందుకుంటుంది. తెడ్డు మళ్లీ నీటిని పట్టే వేళ మందగిస్తుంది. గీత దగ్గర తెడ్డు ఏ స్థితిలో ఉందన్నది కూడా ఇంత వెంట్రుకవాసి తేడాను తారుమారు చేయగలదు. కనుక ఆ నాలుగో స్థానాన్ని బలహీనతకు రుజువుగా తీసుకోలేం. 2019 ప్రపంచ పోటీల్లో ఈ ఇద్దరూ కాంస్యం గెలిచారు. క్రెయిగ్‌కైతే 2016లోనే లైట్‌వెయిట్ క్వాడ్‌లో (నలుగురి పడవ) ప్రపంచ టైటిల్ ఉంది. పడి లేచిన జోడీ అనడం కన్నా, ముందు వరుసలోనే ఉంటూ వచ్చిన జోడీ అనడం సబబు.

2022, 2023 ప్రపంచ టైటిళ్లు వాళ్లవే. 2024 ఆగస్టు 2న పారిస్ శివార్లలోని వేర్-సుర్-మార్న్‌లో 6:47.06తో స్వర్ణం దక్కింది. టోక్యో కన్నా దాదాపు సెకను మెరుగుపడ్డారని అనాలనిపిస్తుంది, కానీ అనకూడదు. గాలి, నీటి ఉష్ణోగ్రత మారితే సమయాలూ మారిపోతాయి. అందుకే ఈ క్రీడలో ప్రపంచ రికార్డు అనరు, ప్రపంచ ఉత్తమ సమయం అంటారు. పోల్చదగింది ఒకే రోజు, ఒకే నీటి మీద వచ్చిన ఎడమే. పారిస్‌లో రెండో స్థానంలోని రొమేనియా ఒకటిన్నర సెకన్లకు పైగా వెనకబడింది. టోక్యోలో ఒకటి నుంచి నాలుగు వరకూ ఉన్న ఎడానికి ఇది మూడింతల పైమాటే. మెరుగుదలకు ఇదే గట్టి ఆధారం. అయితే టోక్యోలో పతకాలు గెలిచిన మూడు దేశాల్లో ఒక్కటీ పారిస్ పోడియం మీద లేదు. వీళ్లు ఎంత పెరిగారో, పోటీ ఎంత పలచబడిందో ఈ ఒక్క ఎడం నుంచి విడదీయలేం.

పట్టికకు ఎక్కనిది బరువు. ఒక్కొక్కరు 59 కిలోలు మించకూడదు, జోడీ సగటు 57 దాటకూడదు. తూకం ఆ రోజు మొదటి రేసుకు రెండు గంటల నుంచి గంట ముందులోపు జరుగుతుంది. ఒకరు 58 తూగితే రెండోవారు 56కి దిగాల్సిందే. అంటే ఒకరి తిండీ నీళ్లూ కూడా ఇద్దరి వ్యవహారమే. నా దృష్టిలో ఈ విభాగంలో అసలు ఆట ఇదే.

ఒలింపిక్స్‌లో 1996లో మొదలైన లైట్‌వెయిట్ విభాగం పారిస్‌తో ముగిసింది. దాని స్థానంలో 2028లో సముద్రతీర స్ప్రింట్ రోయింగ్ పోటీలు వస్తున్నాయి. ఇక తేలికపాటి రోయర్లు బరువు పరిమితి లేని (ఓపెన్) పోటీల్లో నెగ్గుకురాగలరా అన్న ప్రశ్నకు రొమేనియా రోయర్ కాన్‌స్టాంట్సా బుర్చికా రికార్డు కొంత పనికొస్తుంది. 1996, 2000, 2004లో ఇదే విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచిన ఆమెకు, 1992లో ఓపెన్ క్వాడ్‌లో రజతం, 2008లో ఎనిమిది మంది పడవలో కాంస్యం కూడా ఉన్నాయి. కాకపోతే ఆ రెండు పడవల్లో ఆమెతో పాటు వరుసగా ముగ్గురు, ఏడుగురు తెడ్డు వేశారు.