పోటు లేని గుండెపోటు

కువైత్ నగరానికి పడమరగా ఉన్న షువైఖ్‌లో ఒక పక్క ఓడరేవు, మరోపక్క మోటారు గ్యారేజీలు, విడిభాగాల దుకాణాలు, గోదాములు నిండిన పారిశ్రామికవాడ. అక్కడికి కొద్ది కిలోమీటర్లలోనే సబా వైద్యప్రాంతం, అందులో దేశంలోని ప్రధాన హృద్రోగ చికిత్సాలయం. దాని పేరు ఛాతీవ్యాధుల ఆసుపత్రి. పేరు వింటే ఊపిరితిత్తులు తలపుకు వస్తాయి గాని, గుండెకు శస్త్రచికిత్సలూ స్టెంట్లూ అక్కడే. గ్యారేజీలో పనిచేసే రాజంపేట మనిషికి ఛాతీలో బరువు మొదలైతే, రద్దీ లేని వేళ అక్కడికి కొద్ది నిమిషాల ప్రయాణం. ఆ ప్రయాణానికి ముందు గడిచిపోయే గంటల గురించే ఈ వ్యాసం.

ఈ ఆలస్యానికి పేర్లతో కొంత సంబంధం ఉంది. 1768లో లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ ఈ బాధను తొలిసారి స్పష్టంగా వర్ణించి, ఊపిరాడకుండా బిగబట్టడాన్ని సూచించే లాటిన్ మాటతో ‘ఆంజైనా’ అన్నాడు. మన మాట గుండెపోటు. పోటు అనగానే మనకు స్ఫురించేది కత్తిపోటు, పొడుపు. కాని రోగులు ఎక్కువగా చెప్పేది బరువు, బిగింపు, మంట, ఎడమచేతి లాగుడు, చల్లని చెమట. స్త్రీలలోనూ మధుమేహం ఉన్నవారిలోనూ ఒక్కోసారి నొప్పే ఉండదు; ఆయాసం, నీరసం మాత్రమే. పోటు కోసం ఎదురుచూసే మనిషి బరువును గుర్తించడు, ‘గ్యాసు పట్టింది’ అనుకుని సోడా తాగుతాడు. దీన్ని నిరూపించలేను గాని, మన భాష మనల్ని కొంత దారి తప్పిస్తున్నదని నా అనుమానం.

ఇది చదువులేనివారి పొరపాటు అనుకోనక్కరలేదు. 1955 సెప్టెంబరులో డెన్వర్‌లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు అర్ధరాత్రి దాటాక నొప్పి వచ్చింది. పగలు గోల్ఫ్ మైదానంలో ఉల్లిపాయలతో హాంబర్గర్ తిన్నాడు. మంచం పక్కనే సొంత వైద్యుడున్నా ఇ.సి.జి. తీసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ప్రజలకు తొలుత చెప్పింది అజీర్ణమని.

నిజానికి అప్పటికి ఆ ఆలస్యం వల్ల కోల్పోయే చికిత్సే పెద్దగా లేదు. 1912లో జేమ్స్ హెరిక్ ధమనిలో రక్తం గడ్డకట్టినా మనిషి బతకవచ్చునని చూపేవరకు అది వెంటనే ప్రాణం తీసే ఘటన అన్న నమ్మకమే బలంగా ఉండేది. తర్వాత కూడా దశాబ్దాలపాటు వైద్యమంటే వారాల తరబడి మంచం పట్టి ఉండటమే. గడియారానికి విలువ వచ్చింది తర్వాతే. 1960ల నడుమ బెల్‌ఫాస్ట్‌లో పాంట్రిడ్జ్ డీఫిబ్రిలేటర్‌ను అంబులెన్సులోకి ఎక్కించాడు. 1977లో రైమర్, జెన్నింగ్స్ కుక్కల మీది ప్రయోగాలతో, ధమని మూసుకున్నాక గుండె కండరం లోపలి పొరనుండి వెలుపలికి అలలా చచ్చిపోతుందని చూపారు. 1986లో ఇటలీలో 11,000కు పైగా రోగులపై జరిగిన జిస్సి పరీక్షలో, తొలి గంటలోపే స్ట్రెప్టోకైనేజ్ అందినవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆలస్యం అప్పుడు నేరుగా ప్రాణనష్టమైంది.

అయితే జనానికి తెలియజెబితే సరిపోదా? అమెరికాలో 20 పట్టణాలను ఎంచి, వాటిలో సగం చోట్ల 18 నెలలు ప్రచారం చేసి చూశారు. 2000లో వెలువడిన ఫలితం నిరాశపరిచింది. అంబులెన్సు వాడకం పెరిగింది, రోగులు బయలుదేరే వేళ మాత్రం మారలేదు. మనిషికి తెలియకపోవడం ఒకటి, తెలిసీ ఒప్పుకోలేకపోవడం మరొకటి. ఈ రెండోదాన్ని మన ఆరోగ్య ప్రచారాలు ఎప్పుడూ తక్కువగానే అంచనా వేశాయి.

గల్ఫ్‌లో దీనికి మరో పొర చేరుతుంది. కువైత్‌తో సహా ఆరు దేశాల్లో 2006-07లో సాగిన గల్ఫ్ రేస్ నమోదులో రోగులు పాశ్చాత్యులకంటే సుమారు పదేళ్ళు చిన్నవారు. అంబులెన్సులో వచ్చినవారు కొద్దిమందే. విదేశీయులకు వైద్య రుసుములు 2017 అక్టోబరులో పెరిగాయి. అయినా నా దృష్టిలో అడ్డం నిలిచేది రుసుమొక్కటే కాదు: పోయే రోజు కూలీ, కఫీల్ మాట, గడువు తీరిన అఖామా, ఆసుపత్రి కిటికీ దగ్గర అడిగే బతాకా. ఇంటి పనికి వెళ్ళిన కడప స్త్రీకి ఇంటి గడప దాటడానికే అనుమతి కావాలి. పైగా గుండెజబ్బు మనిషని పేరు పడితే రేపు పని ఉంటుందా అన్న భయం.

అత్యవసరానికి 112 ఉంది. ఆ నంబరుకు ఫోను చేస్తే బ్లాకు, వీధి, భవనం నంబరు అరబ్బీలోనో ఇంగ్లీషులోనో చెప్పాలి. జలీబ్‌లో ఒకే గదిలో పలువురు పడుకునే చోట ఆ మూడు అంకెలూ గుర్తున్నవాడు నైట్ డ్యూటీలో ఉంటాడు. అందుకని మొదటి ఫోను వాడికే వెళుతుంది, రెండోది సూపర్‌వైజరుకు, మూడోది కారున్న ఊరివాడికి.