‘మిస్ మేరీ’ పుట్టిల్లు

పెళ్ళి కాకుండానే మొగుడి మీద అనుమానం పుట్టిన ఆడమనిషి కథ ‘మిస్ మేరీ’. 1957లో వచ్చిన ఈ హిందీ సినిమాలో మీనాకుమారి, జెమినీ గణేశన్ బడిపంతుళ్ళ ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడతారు. చూస్తే బొంబాయి సరుకే అనిపిస్తుంది. కానీ తీసింది మద్రాసు ఏవీఎం, దర్శకుడు మన ఎల్.వి.ప్రసాద్. దాని పుట్టిల్లు 1955 జనవరి 12న విడుదలైన విజయా వారి ‘మిస్సమ్మ’.

ఇంకా వెనక్కి వెళ్తే దారి బెంగాల్ చేరుతుంది. రవీంద్రనాథ్ మైత్రా రాసిన ‘మాన్‌మొయీ గర్ల్స్ స్కూల్’, శరదిందు బంద్యోపాధ్యాయ్ రాసిన ‘డిటెక్టివ్’, ఈ రెంటినీ ఒక్క కథగా అల్లింది విజయా నిర్మాత చక్రపాణి. క్షయతో మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో ఆయన బెంగాలీ నేర్చుకున్నారు, తర్వాత బెంగాలీ నవలాకారుడు శరత్‌చంద్రను తెలుగువాళ్ళకు దగ్గర చేశారు. ఆ జబ్బే రాకపోతే మనకు ‘మిస్సమ్మ’ ఉండేది కాదేమో. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావువి.

ఈ కథలో అనుమానానికున్న ఇరకాటం నాకు ఎప్పుడు చూసినా కొత్తగానే ఉంటుంది. బడి నడిపే జమీందారు ఇంటి అమ్మాయి సీతతో, తనకు మొగుడిగా నటిస్తున్న ఎం.టి.రావు చనువుగా మెలిగితే మేరీకి ఒళ్ళు మండుతుంది. నిలదీయడానికి తను భార్య కాదు. ఊరుకుందామంటే ఇంటిల్లిపాదీ తనను భార్యే అనుకుంటున్నారు. ‘నాకేం’ అంటూనే రుసరుసలాడుతుంది. తను ప్రేమలో పడ్డానని ఆ ఉడుకుమోత్తనమే ముందు బయటపెడుతుంది. ఇక మనిషిని పోల్చుకోలేకపోవడం సంగతి: జమీందారు గోపాలం, తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి పేరు మీద నడుపుతున్న బడిలోకే ఆ మహాలక్ష్మి మేరీగా పాఠాలు చెప్పడానికి వస్తుంది. ఆచూకీ తీసేది అక్కినేని వేసిన సరదా డిటెక్టివ్ రాజు, పట్టించేది కాలి మీది పుట్టుమచ్చ.

‘మిస్సమ్మ’లో మేరీగా మొదట భానుమతితో కొంత తీశారు. చక్రపాణితో మాట పట్టింపు వచ్చి ఆమె తప్పుకుంటే, సీత వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయింది, సీత వేషం జమునకు దక్కింది. హిందీలో అక్కినేని వేషం కిశోర్ కుమార్‌కు వెళ్ళింది. జమున మాత్రం అక్కడా సీతే. హేమంత్ కుమార్ సంగీతం కట్టినా, సాలూరి రాజేశ్వరరావు చేసిన బృందావనం పాట బాణీని అలాగే ఉంచారు.

తెలుగువాళ్ళకూ హిందీ సినిమాకూ చుట్టరికం పాతదే. ‘మిస్సమ్మ’ వచ్చేనాటికి మా కరీంనగర్, ఆదిలాబాద్ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాయి. ‘మిస్ మేరీ’ వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నిజాం కాలంలో ఉర్దూ బళ్ళలో చదివిన తరానికి హిందీ సినిమా మాట పరాయిది కాదు. 1909లో కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ 1929లోనే బొంబాయి మూకీల్లో చేరాడు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి వెళ్ళిన ఎల్.వి.ప్రసాద్ 1931 నాటి ‘ఆలం ఆరా’లో చిన్న వేషం వేశాడు. జైరాజ్‌కు 1980కి, ప్రసాద్‌కు 1982కి ఫాల్కే అవార్డులు వచ్చాయి.

మీనాకుమారి గొప్ప నటే. అయినా మేరీ అంటే నా ఓటు సావిత్రికే. ‘మిస్ మేరీ’ మాత్రమే చూసినవాళ్ళు ఒకసారి ‘మిస్సమ్మ’ కూడా చూడండి.