విశాఖపట్నం మానసిక చికిత్సాలయము: చరిత్ర, సంఘ బాధ్యత

ఉత్తరాంధ్రలో సేవ చేయుచున్న కాపరులలో విశాఖపట్నం ‘పిచ్చాసుపత్రి’ పేరు విననివారు ఉండరు. ఎదుటివారిని ఎగతాళి చేయుటకు ఆ పేరు వాడుచుందురే గాని, అది ఎప్పుడు, ఎందుకు కట్టబడినదో ఆలోచించువారు అరుదు. ఈ వ్యాసంలో ఆ చరిత్రను ఒకే ప్రశ్నతో పరిశీలించదలచాము: లోపలికి వెళ్లినవారు తిరిగి ఇంటికి వచ్చు దారి ఎవరి చేతిలో ఉన్నది?

విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా 1871లో ఈ సంస్థ ఏర్పడినది. మద్రాసులోని కీల్పాక్ అసైలం కూడ ఆ సంవత్సరమే ఆరంభమైనది. ఇవన్నీ 1858 నాటి చట్టం నీడలో పుట్టినవి. అసైలం అను మాటకు ఆశ్రయమని అర్థము గాని, ఆ చట్టం చూపు ఆశ్రయముకంటె నిర్బంధముపైనే ఎక్కువ. వీధిలో తిరుగుచున్న వ్యక్తిని పోలీసులు మేజిస్ట్రేటు ఎదుటికి తెచ్చుట, ఆయన ఉత్తర్వుపై లోపలికి పంపుట – ఇదీ వరుస. 1912 చట్టం వచ్చినను ప్రధాన ద్వారము మేజిస్ట్రేటు ఉత్తర్వే.

1946లో భోర్ కమిటీ నివేదిక వెలువడునాటికి దేశమంతటిలో 19 మానసిక చికిత్సాలయాలు, సుమారు పదివేల పడకలు మాత్రమే ఉండెను. రాంచీకి చెందిన వైద్యాధికారి మూర్ టేలర్ ఆ కమిటీ కొరకు వీటిని పరిశీలించి, వాటిలో అధికభాగం చికిత్స చేయుటకంటె బంధించి ఉంచుటకే ఉన్నవని తేల్చెను.

ఆ తరువాత రెండు మార్పులు వచ్చినవి. ఒకటి అందరెరిగినదే: 1952లో క్లోర్‌ప్రోమజైన్ వాడుకలోనికి వచ్చుటతో తీవ్ర ఉన్మాదం కూడ మందులకు లొంగసాగెను. రెండవదానిని మన పాఠ్యాంశాలలో చెప్పరు. 1950లలో అమృత్‌సర్ మానసిక చికిత్సాలయ సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగుల కుటుంబాలను అందులో ఉంచెను. రోగితోపాటు ఇంటివారు కూడ వ్యాధిని నేర్చుకొనిరి. రోగి ఇంటికి వెళ్లుట తేలికైనది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో ఆరంభించిన మానసిక ఆరోగ్య కేంద్రం ఇదే మార్గమున నడిచినది. కెనడా మిషనరీ వైద్యురాలు ఫ్లారెన్స్ నికోల్స్ పునాది వేసిన ఆ సేవలో, బంధువు ఒకరు రోగితో ఉండుట చికిత్సలో భాగము. చిత్తూరు, నెల్లూరు ప్రాంతాలనుండి అక్కడికి వెళ్లివచ్చిన కుటుంబాలు మన సంఘాలలో ఎన్నో గలవు. మా ఉద్దేశములో మందు కంటె ఈ గుడారమే పెద్ద విప్లవము.

విశాఖ చికిత్సాలయం నేడు ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా పనిచేయుచున్నది. 2014 విభజనలో ఎర్రగడ్డ ఆసుపత్రి తెలంగాణకు చెందుటతో దీనిపై భారం పెరిగినది. శ్రీకాకుళం, విజయనగరం మాత్రమే గాక సరిహద్దు ఒడిశానుండియు రోగులు వచ్చెదరు.

ఇక మనవైపు చూచుకొందము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టబడియున్న 28 మంది మానసిక రోగులు అగ్నికి ఆహుతైరి. అది దర్గా పరిసరమని చెప్పి మనము తప్పుకొనలేము. స్వస్థత ప్రార్థనల పేరిట కట్టివేయుట, మాత్రలు మాన్పించుట మన మధ్యనూ వినుచున్నాము. మార్కు ఐదవ అధ్యాయంలో గెరాసేనుల దేశస్థుని సంకెళ్లతో బంధించినది ఊరివారే గాని ప్రభువు కాదు. బాగుపడినవాడు దోనెలో వెంబడి వచ్చెదనని వేడుకొనినను, ప్రభువు అతనిని తన ఇంటివారియొద్దకే పంపెను. ప్రభువును తమ ప్రాంతం విడిచిపొమ్మని బ్రతిమాలినది కూడ ఆ ఊరివారేనని ప్రసంగీకులు సాధారణముగా గమనింపరు.

2018లో అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) గొలుసులతో బంధించుటను పూర్తిగా నిషేధించినది. కుటుంబం లేదన్న కారణమున, లేక కుటుంబం అంగీకరించలేదన్న కారణమున మాత్రమే ఎవరినీ ఆసుపత్రిలో ఉంచరాదని 19వ సెక్షన్ చెప్పుచున్నది. అయితే తలుపు తెరువని ఇంటిని చట్టం తెరువజాలదు. అక్కడ గ్రామ కాపరి మాటకు విలువ గలదు. డిశ్చార్జి అయిన విశ్వాసి ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు, మాత్రలు ఎన్ని రోజులకు మిగిలియున్నవో అడిగి, తరువాతి ఓపీకి తోడు వెళ్లువారిని సంఘంలో చూచిపెట్టుట ఈ వారమే చేయదగిన పని.